పాలపిట్టకు ఎవరు చెప్పాలి?

మార్కాపురంలో రంగనాయకులు సారు ముందు పిట్ట పేరెత్తాలంటే కాస్త ధైర్యం కావాలి. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. ఆయన కాలేజీని వదిలాడు గానీ పాఠం ఆయన్ని వదల్లేదు. కూరగాయల బండి దగ్గర ఎవరైనా కరెంటు తీగ మీద వాలిన పిట్టను చూపించి "అదిగో పిచ్చుక" అన్నారంటే చాలు, వంకాయలు ఏరడం ఆపేసి, అది పిచ్చుక ఎందుకు కాదో ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా చెప్పేవాడు. బండివాడు తక్కెడ పట్టుకుని నిలబడేవాడు.

ఆ వీధిలో ఆయన ప్రాణం తీసే పిట్ట కూకుడుగువ్వ, ఇంగ్లీషులో హూపో. తల మీద విసనకర్రలా విచ్చుకునే కుచ్చు, రెక్కల మీద నలుపూ తెలుపూ చారలు, వంగిన పొడుగాటి ముక్కు. మెత్తటి మట్టి కనిపిస్తే దిగి, పొడుచుకుంటూ తిరుగుతుంది. ముక్కు పొడుగ్గా ఉంది కదా అని ఊళ్లో సగం మంది దాన్ని వడ్రంగిపిట్ట అంటారు. అందరికంటే గట్టిగా అనేది పక్కింటి పిచ్చయ్య.

"తమ్ముడా, నీ వడ్రంగిపిట్ట వచ్చినాది, చూడు" అనేవాడు పిచ్చయ్య, పెరట్లోకి వేలు చూపించి.

"అన్నా, వడ్రంగిపిట్ట మాను తొలుస్తాది. ఇది మట్టి తవ్వుతాది. ఇది కూకుడుగువ్వ. ఎన్నేండ్లనుంచి చెప్తాండా నీకు?"

"నువ్వు చెప్తానే ఉండు. నాకది వడ్రంగిపిట్టే."

పిచ్చయ్యది పలకల ఫ్యాక్టరీ. పొద్దున్నే పనివాళ్లకు పని పురమాయించి, రెండిళ్ల మధ్య గోడలో ఉన్న చిన్న వాకిలి గుండా రంగనాయకులు వంటింట్లోకి వచ్చేవాడు. తన స్టీలు గ్లాసు తనే అందుకుని, కాఫీ తనే పోసుకుని, పీట లాక్కుని కూర్చునేవాడు. చక్కెర నిండుకున్న సంగతి సారు భార్య కృష్ణకుమారి కంటే ముందు ఆయనకే తెలిసేది.

ఇంతకీ ఈ అన్నదమ్ములకు అమ్మానాన్నలు వేరు. రంగనాయకులుది తర్లుపాడు దగ్గర పల్లె. తల్లికి ఒక్కడే, తోడబుట్టినవాళ్లు లేరు. పిచ్చయ్యది ముండ్లమూరు వైపు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఇద్దరూ ఒకే మిద్దెలో చెరో భాగంలో అద్దెకు దిగారు. దిగిన మర్నాడు బోరింగ్ దగ్గర పిచ్చయ్య "తమ్ముడా, నీ బిందె కాస్త జరుపు" అన్నాడు. రంగనాయకులు "పట్టుకో అన్నా" అని జరిపాడు. అంతే, అన్నదమ్ములైపోయారు.

ఈ పడమటి ఊళ్లలో మనిషిని ఉత్త మనిషిగా పిలవడం ఎవరికీ చేతకాదు. బస్సు కండక్టరైనా సరే, అన్నో మామో అక్కో కావాల్సిందే. ఒక్క పిలుపు నోట్లోంచి వచ్చిందా, మిగిలినవన్నీ దాని వెనకే వచ్చి వరసగా కూర్చుంటాయి. పిచ్చయ్య అన్న గనక ఆయన భార్య రాఘవమ్మ రంగనాయకులుకు వదిన అయింది. కృష్ణకుమారికి పిచ్చయ్య బావ, రాఘవమ్మ అక్క. పుట్టిన పిల్ల సుచరితకు ఆయన పెదనాయన. ఆనక పక్కపక్కనే స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నప్పుడు, మధ్య గోడలో ఆ వాకిలి పెట్టించింది కూడా ఈ వరసే.

ఇలా ఉండగా హైదరాబాదులో ఎవరో పెద్దలు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, పక్షుల కుటుంబాల మీద వ్యాసాలు పంచారు. నెమలిని ఒకాయన పట్టుకుపోయాడు. చిలకనూ కోకిలనూ ఇంకెవరో తీసేసుకున్నారు. అందరూ ఏరుకున్నాక రంగనాయకులుకు మిగిలింది వుడ్ హూపో. సహారా ఎడారికి దక్షిణాన ఆఫ్రికాలో తప్ప మరెక్కడా బతకని పిట్ట. మార్కాపురంలో దాన్ని చూసినవాడు లేడు, చూడబోయేవాడూ లేడు. ఇంకొకడైతే చిన్నబుచ్చుకునేవాడు. సారుకు మాత్రం పండగే. ఈ పిట్ట విషయంలో ఎదురు చెప్పేవాడు ఊళ్లో ఉండడు కదా.

ముందుగా దానికి మాను కూకుడుగువ్వ అని తెలుగు పేరు పెట్టాడు. మన కూకుడుగువ్వకు దగ్గరి చుట్టమే గానీ కుటుంబం వేరు. తల మీద కుచ్చు ఉండదు, తోక బాగా పొడుగు, ఒళ్లంతా ఆకుపచ్చా ఊదా కలిసిన మెరుపు. చెట్టు తొర్రల్లో గూడు. గుంపంతా ఒకచోట చేరి, వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వినట్టు పెద్దగా అరుస్తాయి. ఎవరైనా గూటి జోలికి వస్తే పిల్లలు ముక్కులు పగిలే కంపు కొడతాయి.

అసలు వేడి పుట్టిన చోటు వేరే ఉంది. వర్గీకరణ.

"ఇన్నాళ్లూ వీటిని పాలపిట్ట, లకుముకి ఉండే వర్గంలో కూర్చోబెట్టినారన్నా" అన్నాడు ఒక పొద్దున పీట మీద ఉన్న పిచ్చయ్యతో, కాగితాలు ఊపుతూ. "నేను చదివిందీ అదే, పిలకాయలకు చెప్పిందీ అదే. ఇప్పుడు డి.ఎన్.ఏ. చూసి, ఆ చుట్టరికం తప్పు పొమ్మన్నారు. మన కూకుడుగువ్వతో పాటు తీసుకపోయి, పేద్ద ముక్కుండే హార్న్‌బిల్ పక్షుల వర్గంలో కలిపినారు."

పిచ్చయ్య కాఫీ ఊదుకున్నాడు. "అయితే ఈ సంగతి పాలపిట్టకు ఎవరు చెప్పాల?"

"ఏంది?"

"అదే తమ్ముడా. ఇన్నేండ్లు మావోళ్లే అనుకోని తిరిగినాది గదా. దాని గతేంది?"

"పాలపిట్టకేం గతన్నా! దానికి తెల్సా, పాడా! ఇదంతా మనం రాసుకునేది. నిజం తెలిసినాక మార్చుకోవాల్సిందే. మొహమాటానికి పోతే అది శాస్త్రం కాదు."

"అంతేలే" అన్నాడు పిచ్చయ్య, గ్లాసు కడిగి బోర్లిస్తూ. ఎందుకో ఆ మాట ఆయనకు బాగా నచ్చినట్టుంది.

ఎందుకో రెండ్రోజులకు తెలిసింది. ఆదివారం ముందు వాకిట్లో కాలింగ్ బెల్లు మోగింది. రంగనాయకులు తలుపు తీస్తే ఇస్త్రీ చొక్కాలో పిచ్చయ్య, పట్టుచీరలో రాఘవమ్మ, ఆమె చేతిలో పళ్లెం, పళ్లెంలో అరటిపండ్లు, తమలపాకులు. ఆ బెల్లు మీద పిచ్చయ్య వేలు పడడం అదే మొదటిసారి.

"ఏందన్నా, ముందు వాకిలి?" అన్నాడు రంగనాయకులు.

"కూర్చో తమ్ముడా" అని, పిచ్చయ్య నాలిక కరుచుకున్నాడు. "ఆ మాటతోనే వచ్చింది చిక్కు."

చెప్పింది రాఘవమ్మ. వాళ్ల కొడుకు నరేష్ ముండ్లమూరులో అమ్మమ్మ దగ్గర పెరిగినవాడు. సెలవులకు తప్ప మార్కాపురం వచ్చేవాడు కాదు. ఇప్పుడు ఇంటికొచ్చేశాడు, గిద్దలూరులో పశువుల డాక్టరు. సుచరితకు అక్కడే ప్రైవేటు స్కూల్లో బయాలజీ టీచరు ఉద్యోగం. ఇద్దరూ రోజూ ఒకే ప్యాసింజర్ బండిలో పోయి వస్తున్నారు. పోయి వచ్చి, వచ్చి పోయి, పెళ్లి చేసుకోవాలని తేల్చుకున్నారు. కృష్ణకుమారికి ముందే తెలుసు. తలుపు చాటున నిలబడ్డ సుచరితకు తెలుసని వేరే చెప్పాలా? రంగనాయకులొక్కడే ఆఫ్రికాలో ఉండిపోయాడు.

"వావీ వరసా ఉండొద్దా!" సారు కుర్చీలోంచి లేచాడు. "వాడు దానికి అన్న అవుతాడు!"

"ఎట్లయితాడు మరిదీ? కులం ఒకటే. గోత్రాలు వేరు, ఇంటిపేర్లు వేరు. మీ తాతలకు మా ఊరు యాడుందో గూడ తెల్దు" అంది రాఘవమ్మ.

"పిలుపుందే! పుట్టినప్పటినుంచి పెదనాయనా అని పిలిచిన మనిషిని రేపట్నుంచి మామా అంటాదా? వీధిలో మొగమెట్ల ఎత్తుకోవాల?"

పిచ్చయ్య అరటిపండ్ల కేసి చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు బోరింగ్ కాడ నేను బావా అన్నింటే సరిపోయేది. నీ మొగం చూస్తే నాకు తమ్ముడా అనబుద్ధయినాది. ఏం చేసేది?"

రంగనాయకులు లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. పళ్లెం వచ్చిన దారినే తిరిగిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు బందయ్యాయి. సుచరిత బండికి పోతోంది, వస్తోంది, తింటోంది, తండ్రి వైపు చూడడం లేదు. నరేష్ కాకపోతే ఇంకెవరినీ చేసుకోనని తల్లితో చెప్పింది. చెప్పిందంటే చెప్పినట్టే, తండ్రి మొండితనంలో సగం ఆ పిల్లదే. పిచ్చయ్య వంటింటి వైపు రాలేదు. కృష్ణకుమారి అలవాటు కొద్దీ రోజూ ఒక గ్లాసు కాఫీ ఎక్కువ కలిపి, మధ్యాహ్నం దాన్ని తొట్లో పారబోసేది. పారబోసేటప్పుడు భర్తకు వినిపించేలా పారబోసేది.

ఇక లాభం లేదని రంగనాయకులు తర్లుపాడు నుంచి మణెమ్మను పిలిపించాడు. ఆమె ఆయన తల్లికి చెల్లెలు. వరసలు తేల్చడంలో ఆ చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద దిక్కు. వరస కుదరదని ఎన్ని సంబంధాలు వెనక్కి పంపిందో ఆమెకే లెక్క తెలియదు. ఈ పెళ్లి మాటను చీపురుతో ఊడ్చేస్తుందని సారుకు గట్టి నమ్మకం.

మణెమ్మ ఆటో దిగి, కాళ్లు కడుక్కుని, మజ్జిగ తాగి, గోత్రాలు అడిగింది. ఇంటిపేర్లు అడిగింది. రాఘవమ్మ పుట్టింటివాళ్లను మూడు తరాల వెనక్కి నడిపించి చూసింది.

"యాడా అడ్డం రాలేదే" అంది.

"పిలుపు అడ్డం గదా చిన్నమ్మా!"

"పిలుపుదేముంది నాయనా? మా వీధిలో పాలు పోసే ఆయప్పను నేను మామా అంటా, నా కోడలు అన్నా అంటాది. ఆయప్ప ఇద్దరికీ పాలు పోస్తానే ఉండాడు."

"శాస్త్రం ఒప్పుకోదు!"

"ఏ శాస్త్రం? నువ్వు చదివిందా, నేను చూసేదా? నేను చూసేదాంట్లో ఏ తప్పూ లేదు. నీ దాంట్లో ఉంటే నువ్వే చూసుకో" అని, ఆమె సాయంత్రం బండికి టైమెంతని అడిగింది.

నూరేళ్లు వెనకబడిన మనిషి అనుకున్న మణెమ్మ ఒక్క మజ్జిగ గ్లాసుతో వరస మార్చేసింది. రోజుకొక కొత్త పరిశోధన చదివే రంగనాయకులు మాత్రం బోరింగ్ దగ్గరే బిందె పట్టుకుని నిలబడిపోయాడు.

వ్యాసం పంపాల్సిన గడువు దగ్గరపడింది. సారుకు తెలుగు టైపు రాదు, ఎప్పుడైనా సుచరితే చేసిపెట్టాలి. మాటలు లేకపోయినా కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె లాప్‌టాప్ తెరిచి, ఒక్కొక్క వాక్యం పైకి చదువుతూ కొట్టడం మొదలుపెట్టింది. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ చదివినట్టు చదువుతోంది.

"'పాలపిట్టతో కలిపి చాలా కాలం ఒకే వర్గం పేరుతో పిలిచాము. పిలిచినంత మాత్రాన బంధువులు కారు. పిలుపు మనం పెట్టినది, బంధుత్వం వాటిది.'"

అక్కడ ఆగింది. తలెత్తి చూసింది.

రంగనాయకులు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ వాక్యం తీసెయ్."

"ఎందుకు? తప్పా?"

"తప్పు గాదు."

"మరి?"

"బాగా కుదర్లేదు. తీసెయ్ అంటే తీసెయ్."

సుచరిత తీయలేదు. కింది పేరా చదివింది. "'గూటిలోని పిల్లలకు తల్లీ తండ్రీ మాత్రమే కాదు, గుంపులోని పెద్ద పక్షులు కూడా పురుగులు తెచ్చి పెడతాయి. అలా పెట్టేవాటిలో ఆ పిల్లలతో ఏ రక్తసంబంధమూ లేనివి కూడా కొన్ని ఉంటాయి.'"

ఈసారి రైల్వే గొంతు నిలబడలేదు. "నాకు తేలు కుట్టినప్పుడు నువ్వు పేపర్లు దిద్దేదానికి గుంటూరు పోయినావు నాయనా. నన్ను భుజానేసుకోని ఆస్పత్రికి పరిగెత్తింది పెదనాయన. చెప్పులు గూడ ఏసుకోలేదంట. ఆయనింటికి కోడలుగా పోతే ఆయన మనకు కాకుండా పోతాడా?"

"నీకు కాకుండా పోడు" అన్నాడు రంగనాయకులు. "నాకు పోతాడు."

సుచరితకు అర్థం కాలేదు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అన్న అయితే వంటింట్లోకి వస్తాడు. వియ్యంకుడైతే ముందు గదిలో కూర్చుంటాడు. అన్నను నీకేం తెల్సు పో అనొచ్చు. వియ్యంకుణ్ణి అట్లంటే అది పోయి నీ కాపురానికి తగుల్తాది. ఆయనకూ అంతే. నా మీద కోపం వస్తే మింగుకోవాల, ఆడపిల్ల తండ్రిని ఏమనకూడదని. నాకు తోడబుట్టినోళ్లు లేరమ్మా. బోరింగ్ కాడ ఒకడు దొరికినాడు. పాలపిట్టకు ఎవరు చెప్పాల అని నవ్వినాడే ఆ పొద్దు, ఆ పాలపిట్టను నేనే."

నాయన అబద్ధం చెప్పడం లేదని సుచరితకు తెలుసు. తను వెనక్కి తగ్గలేనన్నదీ తెలుసు. లాప్‌టాప్ మూసి, తండ్రి చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది. కాసేపటికి ఆయనే లేచాడు.

"ఆ వాక్యం ఉండనీ. తాంబూలాలకు రోజు చూడమను మీ అమ్మను."

తర్వాత కథ వేగంగా నడిచింది. మణెమ్మ మళ్లీ దిగి, నట్టింట్లో చాప మీద కూర్చుని రెండిళ్లకూ కొత్త వరసలు పంచింది. పెదనాయన మామ అయ్యాడు, పెద్దమ్మ అత్త అయింది. నరేష్‌కు చిన్నాయన మామ అయ్యాడు. కృష్ణకుమారికి నిన్నటి బావ ఇవాళ అన్న. రాఘవమ్మ రంగనాయకులుకు వదిన పోయి చెల్లెలు. రాఘవమ్మ, కృష్ణకుమారి మాత్రం అక్కాచెల్లెళ్ల నుంచి వదినామరదళ్లుగా మారి, మొదటి గంటలోనే చీర గురించి పోట్లాడుకుని, వరస బాగా కుదిరిందని సంతోషించారు.

తాంబూలాల రోజు ముండ్లమూరు నుంచి రాఘవమ్మ అన్నదమ్ములు తెల్లచొక్కాల్లో దిగారు. వాళ్ల కళ్ల ముందు పిచ్చయ్య కండువా సర్దుకుని, సోఫా అంచున కూర్చుని "బావగారూ, మీరు కూడా కూర్చోండి" అన్నాడు. రంగనాయకులు "పర్వాలేదండి, మీరు కాఫీ తీసుకోండి" అన్నాడు. పిచ్చయ్యకు కాఫీ పింగాణీ కప్పులో, సాసర్ మీద వచ్చింది. ఆ కప్పును ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. చక్కెర తక్కువైందని మొహంలో కనిపించింది. అడగలేదు. లేచి వేసుకోలేదు. రంగనాయకులు అది చూశాడు. స్టీలు గ్లాసు వంటింట్లో గూట్లో బోర్లించే ఉంది.

పెళ్లి బాగా జరిగింది. భోజనాలకు ఎవరూ వంక పెట్టలేదు. సుచరిత మొహం చూసి కృష్ణకుమారి ఏడ్చింది, నవ్వింది. కొత్త జంట గిద్దలూరులో ఇల్లు తీసుకుంది. మధ్య గోడలో వాకిలికి గొళ్లెం పడింది. ఎవరు వేశారో ఎవరూ అడగలేదు. వియ్యంకులు వంటింటి దారిన వచ్చిపోతే చూసేవాళ్లకు బాగుండదు కదా. పిచ్చయ్య పండగకూ పబ్బానికీ బెల్లు కొట్టి వచ్చి, కాసేపు వానల గురించి మాట్లాడి, వెళ్లొస్తానండీ అని వెళ్లేవాడు. రంగనాయకులు గేటు దాకా సాగనంపేవాడు. మర్యాదకు ఏ లోటూ రాలేదు.

ఒక పొద్దున హైదరాబాదు నుంచి విజ్ఞాన సర్వస్వం పుస్తకం పోస్టులో వచ్చింది. మాను కూకుడుగువ్వ అచ్చులో ఉంది, వర్గం సరిగ్గా ఉంది, ఆ వాక్యమూ ఉంది. రంగనాయకులు దాన్ని కృష్ణకుమారికి చూపించాడు. ఆమె బాగుందంది. ఇంకెవరికి చూపించాలో తోచలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని పెరట్లోకి నడిచాడు. గొళ్లెం తీశాడు. ఇన్నేళ్లలో ఆ వాకిలి గుండా అటు నుంచి ఇటు వచ్చింది పిచ్చయ్యే. తను అటు పోయింది ఎప్పుడో ఆయనకు గుర్తు లేదు.

వంటింటి గడప మీద ఒంగి చెప్పులు విడుస్తున్న మనిషిని చూసి రాఘవమ్మ చేతిలో గరిటె జారింది. "అయ్యో, వియ్యంకులు ఎనక వాకిలి గుండా రావడమేంది! ముందు గదిలో కూర్చోండి అన్నా."

రంగనాయకులు పీట లాక్కుని కూర్చున్నాడు. "ఒక గ్లాసు కాఫీ పొయ్యి వదినా. స్టీలు గ్లాసులో."

పిచ్చయ్య గది గుమ్మంలో నిలబడి ఆయన్నే చూశాడు. ముందు వాకిట్లోకి తొంగి చూశాడు, ఎవరూ లేరు. వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాడు. పుస్తకం మధ్యలో పడి ఉంది, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. పెరట్లో తడి మట్టి మీద చారల పిట్ట ఒకటి దిగి, కుచ్చు విప్పి, ముక్కుతో పొడవసాగింది.

"తమ్ముడా" అన్నాడు పిచ్చయ్య మెల్లగా, నాలిక మీద ఆ మాట ఇంకా ఉందో లేదో చూసుకుంటున్నట్టు. "నీ వడ్రంగిపిట్ట వచ్చినాది, చూడు."

జువాలజీ రంగనాయకులు సారు పెరట్లోకి చూశాడు.

"అవునన్నా" అన్నాడు. "వడ్రంగిపిట్టే."